ఎట్లా పోతాండావు గదా

నంద్యాలలో మా వీధివాళ్లకు ఆళ్లగడ్డలో ఏ పని పడినా ముందు మా ఇంటి గేటు చప్పుడయ్యేది. నేను రోజూ పొద్దున ఏడున్నర బస్సుకు ఆళ్లగడ్డ పోయి సాయంత్రం చీకటి పడేలోపు తిరిగొచ్చేదాన్ని. అక్కడొక చిన్న రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగం నాది. పదకొండేళ్లుగా అదే దావ, దాదాపు అదే సీటు.

ఏమేం మోశానో ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది. కుట్టిన జాకెట్లు, కొలతకిచ్చిన పాత జాకెట్లు, పెళ్లి కార్డులు, కాలేజీ సర్టిఫికెట్లు, బీపీ మాత్రలు, ఊరగాయ జాడీలు, బాగుచేయించాల్సిన మిక్సీ. ఒకసారి కాళ్లు కట్టేసిన నాటుకోడి. అది శిరివెళ్ల దాటినాక నా ఒళ్లోనే గుడ్డు పెట్టింది. "ఇప్పుడు ఒక టికెట్టు కొట్టాల్నా, రెండు కొట్టాల్నా?" అని కండక్టరు అడిగితే బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. చీర పాడైందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అందరూ అనేది ఒకటే మాట. "ఎట్లా పోతాండావు గదా!"

నిజమే, ఎట్లాగూ పోతున్నాను. కుదరదు అనే మాట గొంతుదాకా వచ్చేది. అంతలోనే, ఆ మాట విన్నాక అవతలివాళ్ల మొహం ఎట్లా మారుతుందో నాకు ముందే కనిపించేది. ఆ మొహం చూడటం కన్నా మిక్సీ మోయడమే సులువనిపించేది. అదేం విచిత్రమో, ల్యాబులో నేను అట్లాంటి మనిషిని కాను. ఇంతింత మీసాలున్నవాళ్లు సూది చూసి చెయ్యి వెనక్కి లాక్కుంటే "కదిలించొద్దు" అని ఒక్క మాటతో ఆపేదాన్ని. గుమ్మం దాటి బయటికొస్తే ఆ గొంతు ఏమైపోయేదో.

అన్నిటికన్నా బరువైంది మా పక్కింటి పెద్దమ్మ ఇచ్చే క్యారియర్. వాళ్లాయనకు దూది పరుపుల అంగడి ఉంది. ఒక్కతే కూతురు, ఆళ్లగడ్డలో ఇచ్చారు. ఆ పిల్లకు కామెర్లు వచ్చినప్పుడు, నూనె లేని వంట అత్తగారింట్లో ఎవరు చేసిపెడతారని పెద్దమ్మ దిగులుపడి, ఒకరోజు పొద్దున్నే మూడు గిన్నెల స్టీలు క్యారియర్ పట్టుకుని వచ్చింది.

"రెండు దినాలే తల్లీ. ఎట్లా పోతాండావు గదా," అంది.

కామెర్లు నెలకు తగ్గిపోయాయి. క్యారియర్ ఆగలేదు. నూనె లేని పప్పు పోయి పలావు వచ్చింది, గోంగూర మాంసం వచ్చింది, రంజాన్ నెల తర్వాత సేమియా వచ్చింది. ఆ పిల్ల ఇల్లు ల్యాబుకు పూర్తిగా ఎదురు దిక్కున, ఇరవై నిమిషాల నడక. పొద్దున నిండుది ఇచ్చి రావాలి, సాయంత్రం ఖాళీది తెచ్చుకోవాలి. రోజూ పది నిమిషాలు ఆలస్యంగా పోయి ల్యాబు యజమాని చేత మాటలు పడేదాన్ని. అట్లా ఏడాది దాటింది. నేను ఒక్కరోజు సెలవు పెట్టాలన్నా ముందు రోజు పెద్దమ్మకు చెప్పుకోవాల్సి వచ్చేది, తప్పు చేసినదానిలా.

ఆ ఎండాకాలంలోనే మా బావ, అంటే మా ఆయన అన్న, ఒక పెద్ద పని తెచ్చి నా నెత్తిన పెట్టాడు. వాళ్ల కాలనీలో కొత్తగా కట్టిన ఆంజనేయస్వామి గుడికి ఆయనే పెద్ద. ఇంకో ఊర్లో చెక్కించిన విగ్రహం లారీలో వస్తూ వస్తూ చెయ్యి దగ్గర విరిగింది. ప్రతిష్ఠకు ఇరవై నాలుగు రోజులే ఉన్నాయి. కార్డులు కూడా పంచేశారు. ఆళ్లగడ్డలో శిల్పులు వీధివీధికీ ఉన్నారు, నేను రోజూ అక్కడికే పోతాను. ఇంకేముంది?

"నువ్వు పోయి మాట్లాడు. ఎట్లైనా ఒప్పించుకొని రా," అన్నాడు బావ. అడగటం కాదు అది, చెప్పటం.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తినే టైములో పోయాను. చెక్కిస్తే ఆయన చేతే చెక్కించాలని బావ చెప్పిన శిల్పి పనిచేసే రేకుల షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. అంతకుముందు కొన్ని వందల సార్లు దాని ముందు నుంచి నడిచాను, లోపలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ముందు భాగంలో ముగ్గురు మనుషులు మూతులకు గుడ్డలు కట్టుకుని మిషన్లతో రాయి కోస్తున్నారు. దుమ్ము తెల్లగా లేచి రేకుల మీద, చెప్పుల మీద, నీళ్ల బిందె మీద పడుతోంది. ఆ దుమ్ములోంచే సగం సగంగా దేవుళ్లు నిలబడి ఉన్నారు. ఒకరికి మొహం వచ్చింది, కాళ్లు రాలేదు. ఇంకొకరికి చేతులు వచ్చాయి, కళ్లు లేవు. నాకు తెలియకుండానే చెప్పులు విడిచేశాను.

వెనక మూలలో ఒక పెద్దాయన చాప మీద కూర్చుని ఒక అమ్మవారి విగ్రహం కాలి వేలి గోరు చెక్కుతున్నాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి. డెబ్బై ఏళ్లుంటాయి. దెబ్బ పడిందో లేదో తెలియనంత మెత్తగా కొడుతున్నాడు. అంత నల్లటి రాయి, ఆ వేలి చివర మాత్రం గోరు కింద చర్మం ఉన్నట్టే ఉంది.

"స్వామీ, ఆంజనేయస్వామి విగ్రహం కావాల. మూడున్నర అడుగులు," అన్నాను.

"ఎప్పటికి?"

"ఇరవై మూడు దినాల్లో."

"కాదమ్మా," అన్నాడు.

అంతే. నేను మిగతా మాటల కోసం చూస్తున్నాను. కాదు అన్నాక ఏదో ఒకటి ఉంటుంది కదా. ఒంట్లో బాగలేదనో, పనివాళ్లు రావడం లేదనో, ఏమీ అనుకోవద్దనో. ఏమీ రాలేదు. ఆయన మొహంలో విసుగు లేదు, జాలి లేదు, గర్వమూ లేదు. పేరు అడిగితే పేరు చెప్పినట్టు చెప్పాడు.

నేను ఏకరువు పెట్టాను. విగ్రహం విరగడం, కార్డులు పంచడం, మా బావ కోపం, ఇంట్లో నా పరిస్థితి. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఉలి కింద పెట్టి విన్నాడు. అట్లా చేతిలో పని ఆపి నా మాట ఎవరైనా విని ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. నేను ఆపినాక, "నీ కష్టం తెలుస్తాండాది తల్లీ. పని మాత్రం కాదు," అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి, "ఎండలో వచ్చింది, మజ్జిగియ్యండి," అని కేకేశాడు. కాదన్న గొంతుకూ మజ్జిగియ్యమన్న గొంతుకూ ఏమీ తేడా లేదు. గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. కాదన్న మనిషి ఎదుట కూర్చుని మజ్జిగ తాగొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఆ సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "ఏమన్నాడు?"

"ఆలోచిస్తా అన్నాడు బావా," అని అబద్ధం చెప్పాను. నా నోటితో నేను కాదనలేకపోవడం ఎప్పుడూ ఉన్నదే. ఇంకొకాయన అంత స్పష్టంగా అన్న 'కాదు'ను తెచ్చి ఇవ్వడం కూడా నాకు చేతకాలేదు. కోడిని మోశాను, మిక్సీని మోశాను, ఆ రెండక్షరాలు మోయలేకపోయాను.

ఆ అబద్ధం ఒక్కరోజు కూడా నిలవలేదు. మర్నాడు బావ మరో ఇద్దరిని వెంటేసుకుని కారులో ఆళ్లగడ్డ వచ్చి, ల్యాబు నుంచి నన్నూ ఎక్కించుకుని షెడ్డుకు పోయాడు.

"ఆలోచిస్తా అన్నావంట గదా స్వామీ? ఆలోచించినావా?" అన్నాడు నిలబడే.

పెద్దాయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "నేను ఆ మాట అనలేదప్పా. కాదు అని చెప్పినా," అన్నాడు. నన్ను పట్టించాలని అనలేదు, కాపాడాలనీ చూడలేదు. జరిగింది చెప్పాడు, అంతే.

బావ నన్నొక చూపు చూసి ఆయన మీదికి తిరిగాడు. "ఎవరితో మాట్లాడుతాండావో తెలుసునా?"

"తెలుసప్పా. నంద్యాల నుంచి వచ్చినారు, గుడి కట్టినారు. మంచి పని చేసినారు. కూచోండి."

"కూచోడానికి రాలే. దేవుని పని ఇది. కాదంటావేంది?"

పెద్దాయన నెమ్మదిగా లేచాడు. మోకాళ్లు పట్టుకుని లేవడానికి కొంచెంసేపు పట్టింది. మమ్మల్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ తడి గోనెసంచులు కప్పిన రెండు విగ్రహాలు ఉన్నాయి. ఒక సంచి తీశాడు. నరసింహస్వామి. మొహం సగమే అయింది, కానీ ఆ సగం మొహంలోనే ఉగ్రమూ ఉంది, ఒళ్లోని పిల్లవాణ్ణి చూస్తున్న చల్లదనమూ ఉంది.

"ఇది ఉయ్యాలవాడ దిక్కు ఒక పల్లెవాళ్లది. ఆ పక్కది దొర్నిపాడు వాళ్లది. వాళ్లకు ఔనని చెప్పినా," అన్నాడు. "ఇప్పుడు నీకు ఔనంటే వాళ్లకు చెప్పింది అబద్ధమైతాది. ఇరవై దినాల్లో గబగబా కొట్టిస్తే నీకిచ్చేదీ అబద్ధమే. యాడో ఒకచోట కాదనల్ల గదప్పా."

బావ చాలాసేపు ఆ సగం మొహాన్నే చూస్తూ ఉన్నాడు. మా ఇంట్లో ఆయన మాట మీద ఇంకొకరి మాట నిలబడటం నేను చూడలేదు. ఇప్పుడు పేలతాడు, ఇప్పుడు పేలతాడు అని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన చెయ్యి చాచి ఆ రాతి జూలు మీద వేళ్లతో మెల్లగా తడిమాడు.

"మరి ఎప్పటికైతాది మాకు?" అన్నాడు. గొంతు పూర్తిగా వేరేగా ఉంది.

"శ్రావణం దాటినాక రండి. అప్పుడు ఔనంటా."

బావ ఆ చాప మీదే కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. కార్డులు పంచినవాళ్లందరికీ ఫోన్లు చేసే పని ఎవరు చూసుకోవాలో మిగతా ఇద్దరితో అక్కడే మాట్లాడుకున్నాడు. ఆకాశం విరిగి పడుతుందనుకున్నచోట మజ్జిగ గ్లాసుల చప్పుడు వినిపించింది నాకు.

వాళ్లు కారెక్కి పోయాక నేను వెనకే ఆగి, "నిన్న నేను అబద్ధం చెప్పినా స్వామీ, తప్పైంది," అన్నాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను. "అట్లా కాదన్నాక మీకు మనసులో ఏమీ అనిపించదా?"

ఆయన అప్పటికే ఉలి పట్టుకున్నాడు. "ఎందుకనిపించదు? అనిపిస్తాది. కాసేపుంటాది, పోతాది," అన్నాడు. "చేయలేని పనికి ఔనన్నాననుకో, అది పోదు తల్లీ. దినమూ కూచోనుంటాది."

ల్యాబుకు తిరిగి నడుస్తూ ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. ఆయనకేమీ అనిపించదని చెప్పి ఉంటే, ఆయనేదో మహానుభావుడు, మనవల్ల కాదు అనుకుని ఊరుకునేదాన్ని. అనిపిస్తుందంట. కాసేపుండి పోతుందంట. అది నాకు పెద్ద వార్త.

వారం రోజులు బస్సులో కిటికీ వైపు తిరిగి పెదవులు కదుపుతూ కాదనడం నేర్చుకున్నాను. పక్క సీట్లో వాళ్లు నేను స్తోత్రం చదువుకుంటున్నాననుకుని ఉంటారు. ఒక సోమవారం సాయంత్రం ఖాళీ క్యారియర్ పట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయాను.

"పెద్దమ్మా, రేపట్నుంచి నేను క్యారియర్ తీస్కపోలేను."

"ఏందీ? ఒళ్లు బాగలేదా?"

ఎంత మంచి దారి తెరిచిందో చూడండి. అవునంటే చాలు. నాలుగు రోజులు గడుస్తాయి. "ఒళ్లు బాగానే ఉంది. తీస్కపోలేను, అంతే," అన్నాను. నా గొంతు నాకే పరాయిదానిలా వినిపించింది.

పెద్దమ్మ క్యారియర్ అందుకుంది. మూత తీసి లోపలికి చూసి మళ్లీ పెట్టింది. "సరేలే," అని లోపలికి పోయింది. నేను ఏ మొహానికైతే అన్నేళ్లూ భయపడ్డానో, సరిగ్గా అదే మొహం. చూశాను. చచ్చిపోలేదు.

మర్నాడు బస్సులో నా చేతుల్లో హ్యాండ్‌బ్యాగు తప్ప ఏమీ లేదు. ఆకలితో ఉన్న మనిషిని వదిలేసి పోతున్నట్టు అనిపించింది. అయ్యలూరు మెట్ట దాటాక తల ఎత్తి చూశాను. ఎడమ వైపు నల్లమల. ముందురోజు వాన పడిందేమో, కొండలు కడిగినట్టు నీలంగా, ఒకదాని వెనక ఒకటి పొరలు పొరలుగా, మీద తెల్లటి మబ్బు కిందికి దిగి ఉంది. పదకొండేళ్లుగా ఆ కొండలు అక్కడే ఉన్నాయి. గిన్నెలు ఒరిగి పులుసు కారుతుందేమోనని నేను ఒళ్లోకే చూస్తూ పోయాను. శిరివెళ్ల వచ్చేదాకా కళ్లు తిప్పలేదు.

పెద్దమ్మ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పిట్టగోడ దగ్గర కనిపిస్తే లోపలికి పోయేది. పెద్దాయన చెప్పిన 'కాసేపు' ఇంత పొడుగా అనుకున్నాను. పోయి క్యారియర్ ఇమ్మని అడుగుదామా అని రెండుసార్లు అనిపించింది. మా అమ్మాయి, అప్పుడు తొమ్మిదో తరగతి, "ఏందిమ్మా, పెద్దమ్మ గోడకేసి చూస్తాండావ్?" అని నవ్వింది.

పదోరోజు పొద్దున బస్టాండులో నల్ల బురఖాలో ఒకామె క్యారియర్‌తో నిలబడి కనిపించింది. పెద్దమ్మే. ఇంతదూరం వచ్చి చేతిలో పెడితే ఏం చేస్తాను? దగ్గరికి పోయాను.

"నేనే పోతాండాలే," అంది, నా చూపు క్యారియర్ మీద ఉండటం చూసి. "ఏ బస్సెక్కల్ల? నేను ఒక్కదాన్నే బస్సెక్కి చానా ఏండ్లాయ. ఆయప్పకు అంగడి వదిలి రాను తీరదు."

ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. క్యారియర్‌ను ఆమె ఒళ్లోనే పెట్టుకుంది. ప్రతి ఊరు దగ్గరా "ఇదేనా?" అని అడిగింది. ఆళ్లగడ్డలో దిగి కూతురి ఇంటిదాకా నేనే తోడుపోయాను. అంతకుముందు ఏడాదంతా కొట్టినట్టే ఆ తలుపు కొట్టి పక్కకు జరిగాను.

ఆ పిల్ల తలుపు తీసింది. నన్ను చూసి క్యారియర్ కోసం చెయ్యి చాచింది. అప్పుడు వెనక ఉన్న మనిషిని చూసింది. చాచిన చెయ్యి అట్లాగే ఉంది. "అమ్మీ," అంది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి చిన్నపిల్లలా ఏడ్చింది. క్యారియర్ ఇద్దరి మధ్యా నలుగుతుంటే నేనే అందుకుని పట్టుకున్నాను.

తర్వాత కళ్లు తుడుచుకుంటూ ఆ పిల్ల నాతో అంది. "దినమూ అమ్మ చేతి బువ్వ వచ్చేదక్కా. అమ్మను చూసి ఏడు నెలలాయ. వంట పోతాంది గదా, బిడ్డ బాగుండాదిలే అని ఈమె అనుకునింది. వంట పంపుతాంది గదా, ఇంక అమ్మ రాదులే అని నేననుకున్యా."

నేను ఆ గడప దగ్గర నిలబడిపోయాను. ఏడాదిపాటు నేను వాళ్ల మధ్య వారధిగా ఉన్నాననుకున్నాను, అలసిపోతూ కూడా లోలోపల కొంత గొప్పగానే అనుకున్నాను. నేను తప్పుకుంటే తప్ప వాళ్లిద్దరూ ఒకరికొకరు కనపడలేదు. నా ఒక్క 'కాదు' ఇంత పని చేస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. ఆ రోజు ల్యాబుకు అరగంట ఆలస్యంగా పోయాను. నాకేమీ బాధనిపించలేదు.

పెద్దమ్మ ఇప్పుడు వారానికి ఒకసారి పోతుంది. కండక్టర్లందరూ తెలుసు ఆమెకు, నాకన్నా ఎక్కువ.

ఆ తర్వాత నేను పూర్తిగా మారిపోయానని చెప్పను. కొన్నాళ్లు కొత్త బట్ట కట్టుకున్నదానిలా ప్రతిచోటా కుదరదు, కుదరదు అని తిరిగాను. ఒకరోజు సాయంత్రం ల్యాబు మూసే వేళకు దొర్నిపాడు నుంచి ఒక ముసలాయన జ్వరంతో ఉన్న భార్యను ఆటోలో తెచ్చాడు. "టైమైపోయింది, రేపు రండి," అని తాళం వేశాను. "సరే తల్లీ," అని ఆయన ఆమెను మళ్లీ ఆటోలోకి ఎత్తుతున్నాడు. ఆమె తల ఆయన భుజం మీద వాలిపోయి ఉంది. ఇది కాసేపుండి పోయే బరువు కాదని నాకు వెంటనే తెలిసింది. పరుగెత్తి ఆటో ఆపి, తాళం తీసి, రక్తం తీసుకున్నాను. బస్సు పోయింది. మరో బస్సుకు వచ్చాను. ఇంటికి ఆలస్యంగా చేరినా ఆ రోజు ఒళ్లు తేలిగ్గా ఉంది. ఏది చేయగలనో ఏది చేయలేనో తెలుసుకోవడానికి ప్రతిసారీ ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణమే నాకు అన్నాళ్లూ లేనిది.

శ్రావణం దాటినాక పెద్దాయన మాట ప్రకారం ఔనన్నాడు, చెప్పిన నాటికి విగ్రహం ఇచ్చాడు. ప్రతిష్ఠ ఏర్పాట్లు మొదలైనప్పుడు బావ ఫోన్ చేసి, మా అమ్మాయి చేత ఆ రోజు ఒక పాట పాడించమన్నాడు. అది బాగా పాడుతుంది. నేను పిల్లను అడగకుండానే "దానికేముంది బావా, పాడతాది," అనేశాను.

ఆ సాయంత్రం వంటింట్లో చెనిక్కాయలు ఒలుస్తూ ఆ సంగతి చెప్పాను. పిల్ల ఎదురుగా కూర్చుని తానూ ఒలుస్తోంది.

"నేను పాడనమ్మా," అంది.

నేను చూశాను. కోపం లేదు, మారాం లేదు. చేతిలోని కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసి ఇంకోటి తీసుకుంది.

"పెదనాయనకు చెప్పేసినా గదే."

"నన్ను అడగలేదు గదా. గుడికి వస్తా. పనులుంటే చేస్తా. పాట పాడను."

ఇంకేదో చెబుతుందని చూశాను. చెప్పలేదు. నలభై మూడేళ్లకు బస్సు కిటికీ వైపు తిరిగి నేను నేర్చుకున్నదాన్ని, పద్నాలుగేళ్ల పిల్ల చెనిక్కాయలు ఒలుస్తూ చెప్పేసింది. ఎవరు నేర్పారని అడగబోయి ఆగిపోయాను. లేచి ఫోన్ తీసుకుని బావకు చేశాను. "దాన్ని అడగకుండా చెప్పినాను బావా, నాదే తప్పు. అది పాడదంట," అన్నాను. "సరే, ఇంకెవరినన్నా చూస్తాంలే," అన్నాడు.

నేను వచ్చి కూర్చునేసరికి గిన్నె నిండిపోయింది. పిల్ల పొట్టు చేటలోకి ఎత్తి పెరట్లోకి పోయింది. ఆ వయసులో నేను ఎట్లా ఉండేదాన్నో గుర్తు తెచ్చుకుంటూ, పెరట్లో పొట్టు చెరిగి, పడిపోయిన గింజలు ఏరుతున్న నా బిడ్డను తలుపులోంచి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.